డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావు?

నీట్‌లో ఈ ప్రశ్న లేదు. 720కి ఎన్నొచ్చాయో చూస్తారు గానీ, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. అడిగేది స్కాలర్‌షిప్ ఇచ్చే ట్రస్టులవాళ్లు, అమెరికా, బ్రిటన్‌లలో మెడికల్ కాలేజీలవాళ్లు. అప్పుడు మన పిల్లలు ఎక్కువమంది రాసే జవాబు ఒకటే: పేదలకు సేవ చేయడానికి. ఆ మాట నేర్పేది మనమే.

నిజానికి ఆ పిల్ల మనసులో ఏముంటుంది? పేరు ముందు డాక్టర్ అని ఉంటే ఊళ్లో ఎవడూ ‘ఒసేయ్’ అని పిలవడు. నాన్న అప్పు తీరుతుంది. అమ్మ కూలికి పోనక్కర్లేదు. ఇందులో దాచుకోవాల్సిందేముంది? 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ వెంట లక్షలమంది ధమ్మదీక్ష తీసుకున్నదీ మనుషులుగా నిలబడడానికే కదా. గౌరవం కోరుకోవడం లోభం కాదు. సేవ పవిత్రం, జీతం అడగడం నీచం అని మనకు చెప్పిందెవరు? మన తాతలతో వెట్టి చేయించుకుని దానికి సేవ అని పేరు పెట్టినవాళ్లే.

ఇంతకన్నా చేటైన అబద్ధం ఇంకోటుంది, కష్టాన్ని అమ్ముకోవడం. కమిటీ కరుగుతుందని, ఇంట్లో నిక్షేపంగా ఉన్న తాత వైద్యం అందక పోయాడని రాయించేవాళ్లున్నారు. నిజంగా జరిగుంటే తలెత్తుకుని రాయాలి. జరగకపోతే అది ముసావాదమే. 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడనన్నదీ ఒకటి, దానికి కమిటీ ముందు మినహాయింపు లేదు. అట్లాగని మనసంతా పరిచి చూపించాలనీ లేదు. ఇంటి అప్పు సంగతి చెప్పకుండా ఊరుకోవచ్చు. లేని కరుణ ఉందని మాత్రం రాయకూడదు.

పని చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, అద్దంలో చూసుకున్నట్టు చూసుకోమని బుద్ధుడు రాహులుడికి చెప్పాడు. దరఖాస్తు ఆ మొదటి చూపు. అక్కడే తనను తాను నమ్మించుకున్నవాడు, రేపు స్కానింగ్ సెంటర్ కమీషన్ పుచ్చుకుంటూ కూడా సేవే చేస్తున్నాననుకుంటాడు. డబ్బూ కావాలని ముందే ఒప్పుకున్నవాడికి, ఆ కవరు చేతికొచ్చినప్పుడు తనను లాగుతున్నదేమిటో కనీసం తెలుస్తుంది. చేతననే కర్మ అన్నాడు బుద్ధుడు. ఆ చేతన మనకే కనబడకపోతే మార్చుకునేదెట్లా?

మరి ఆ పిల్ల ఏం రాయాలి? ఇట్లా రాయొచ్చు: “మా ఇంట్లో మొదటి డాక్టర్‌ని కావాలనుంది. మంచి జీతం కావాలి. మా వాడలో బీపీ, షుగర్ మందులు మధ్యలో ఎందుకు మానేస్తారో దగ్గరగా చూశాను. రోగులతో మాట్లాడడానికి అది పనికొస్తుందనుకుంటున్నాను.”