నా పనిని నేనే కొలిచేటప్పుడు

నా చేత్తో చేసిన వస్తువును నేను నిజాయితీగా కొలవలేను. ఈ సంగతి నాకు తెలిసివచ్చింది ఒక పాత మారుతి 800 ఇంజిను దగ్గర.

ఇంటి వెనక రేకుల షెడ్డులో దాన్ని పూర్తిగా విప్పి, కొన్ని భాగాలు కొని, కొన్ని చేయించి, కొన్ని నేనే చేసి తిరిగి కడుతున్నాను. కార్బొరేటర్ కాలం నాటి ఎఫ్8బి ఇంజిను. మూడు సిలిండర్లు, 68.5 మిల్లీమీటర్ల బోరు, 72 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 796 సీసీ. బోరు అరిగిపోయింది కాబట్టి 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లకు సరిపోయేలా బోరింగ్ చేయించాను. లెక్క వేస్తే 802 సీసీ వచ్చింది. పేరులో ఉన్న ఎనిమిది వందలు దానికి ఇన్నేళ్ళకు దక్కాయని ఆ రోజు మనస్ఫూర్తిగా సంతోషించాను.

పిస్టన్లు కొన్నవే. పెట్టె విప్పిన దగ్గర్నుంచీ వాటిని అనుమానంగానే చూశాను. పిస్టను చూడటానికి గుండ్రంగా కనిపిస్తుంది గానీ పూర్తి గుండ్రం కాదు. పిన్ను ఉన్న దిక్కున కాస్త సన్నం, దానికి అడ్డంగా కాస్త వెడల్పు, పైనుంచి కిందికి వచ్చేకొద్దీ లావు. వేడెక్కాక సరైన ఆకారంలోకి రావాలని అలా చేస్తారు. అందుకే పిన్నుకు అడ్డంగా, స్కర్టు కింది భాగంలో, కంపెనీ చెప్పిన ఎత్తులోనే కొలవాలి. అలాగే కొలిచాను. బోరును పైన, మధ్యన, కింద, రెండేసి దిక్కుల్లో చూశాను. ఆ రెండింటి మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు మాత్రమే.

ఆ నూరో వంతుల లెక్కలోకి మన ఎండ కూడా వచ్చి చేరుతుంది. కొలతలకు ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో విజయవాడలో నా షెడ్డులో 42. అల్యూమినియం పిస్టను పోత ఇనుప బ్లాకు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఆ 22 డిగ్రీల తేడాకే సందులో నూరో వంతు పైచిలుకు మాయమవుతుంది. ఉండాల్సిందే కొన్ని నూరో వంతులైనప్పుడు ఒకటి పోవడం చిన్న విషయం కాదు. అందుకని మా తమ్ముడి సాయంతో బ్లాకును ఏసీ గదిలోకి మోయించి, పిస్టన్లనూ మైక్రోమీటరునూ దాని పక్కనే రాత్రంతా ఉంచి, తెల్లవారాక కొలిచాను. ఎవరో ఫ్యాక్టరీలో చేసిన వస్తువు మీద నా శ్రద్ధ అంతగా ఉంది.

సిలిండర్ల పొగను బయటికి తీసుకెళ్ళే ఎగ్జాస్ట్ మానిఫోల్డు మాత్రం నేను చేశాను. కారుతో వచ్చింది పోత ఇనుముది. బరువైనది, గట్టిది, చప్పుడును మింగేది. దాన్ని తీసేసి స్టీలు గొట్టాలతో కొత్తది కట్టాలన్నది నా చిరకాల కోరిక. ఈ ఇంజిను 1-3-2 వరసలో మండుతుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగే లోపల 240 డిగ్రీలకొకసారి సమానమైన ఎడంతో ఒక్కొక్క సిలిండరు పొగ వదులుతుంది. మూడు సిలిండర్ల ఇంజినులో నాకు అన్నిటికంటే ఇష్టమైన గుణం ఇదే. మూడు గొట్టాల పొడవూ సమానంగా ఉంచి ఒకచోట కలిపితే, ఒకదాని పొగ మరొకదాని దారికి అడ్డం పడదు. గొట్టాల వంపులు కోసి, అతికి, మళ్ళీ కోసి, ఆర్గాన్ వెల్డింగ్ నేనే చేశాను. ఆ టాకాలు ఇప్పటికీ తడిమి చూసుకుంటాను.

చిక్కంతా ఫ్లాంజి దగ్గర వచ్చింది. సిలిండరు హెడ్డుకు ఆనుకునే ఆ 10 మిల్లీమీటర్ల మందపు పలక, వెల్డింగ్ వేడికి ఒకవైపు లాగుతుంది. లాగకుండా దాన్ని మందపాటి దిమ్మకు బోల్టులతో బిగించే అతికాను. అయినా విప్పగానే కొంత వంగుతుంది. అది లోహం గుణం. ఎంత వంగిందో చూడటానికి స్ట్రెయిట్ ఎడ్జి ఆనించి, కింద ఫీలర్ గేజి బ్లేడు దూర్చి చూడాలి. చూశాను. ఈ చివర 0.05 బ్లేడు దూరలేదు. ఆ చివరా దూరలేదు. మధ్య పోర్టు దగ్గరికి మాత్రం నా చెయ్యి వెళ్ళలేదు. అక్కడ దూరుతుందని చేతికి ముందే తెలుసు. "గాస్కెట్టు ఉందిగా, సర్దుకుంటుంది" అన్న మాట కూడా మనసులో సిద్ధంగా ఉంది.

పిస్టన్ల మీద చూపించిన అనుమానం ఈ పలక మీద ఎందుకు చూపలేదని చాలా రోజులు ఆలోచించాను. బద్ధకం అనుకోవడానికి లేదు, ఆ పలక మీద నేను పడ్డ కష్టం పిస్టన్ల మీద పడలేదు. అసలు కారణం వేరే ఉంది. మా ఇంట్లో చేతిపని చేసినవాళ్ళు లేరు. నేను కంప్యూటరు ముందు కూర్చుని బతికే మనిషిని. ఆటోనగర్‌లో లేత్‌ల మధ్య నిలబడినప్పుడల్లా ఆ మనుషుల్లో ఒకడిని కావాలని ఉంటుంది. ఆ పలక చదునుగా ఉంటే నాకు అక్కడ చోటు ఉన్నట్టు. వంకరగా ఉంటే లేనట్టు. ఇంత బరువు మోపాక దాన్ని నేను పలకగా చూడగలిగితేనే ఆశ్చర్యం. కొన్న పిస్టను కొలత తప్పితే దుకాణానికి తిరిగి ఇచ్చేస్తాను. నా ఫ్లాంజి కొలత తప్పితే ఎవరికి ఇవ్వాలి?

చివరికి దాన్ని ఆటోనగర్‌లో నాకు తెలిసిన పెద్ద టర్నరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎవరు చేశారో చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. గుడ్డతో తుడిచి, మొదట మధ్య పోర్టు దగ్గరే గేజి పెట్టాడు.

"పన్నెండు ఉంది అబ్బాయ్. ఫేసింగ్ కొట్టాలి. పావు మిల్లీ పోద్ది, పర్లేదా?"

"కొట్టు బాబాయ్."

అంతే మాట్లాడుకున్నాం. ఆయనకు 0.12 అంటే 0.12. నా విలువ గురించి ఆ అంకెలో ఆయనకు ఏమీ కనిపించలేదు. ఆ తేలికతనం నాకు కావాలి. దాన్ని ఆయన పక్కన నిలబడి నేర్చుకోవాలని ఇప్పుడు మనసారా కోరుకుంటున్నాను.

అప్పటినుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏది కొలిచినా ఎంతవరకు ఒప్పుకుంటానో ముందే నోటుబుక్కులో రాస్తాను. గేజి ఆ తర్వాతే ముట్టుకుంటాను. అంకె చూశాక హద్దు రాస్తే ఆ హద్దు అంకె వైపే జరుగుతుంది.

హెడ్డు పని ఈ పద్ధతిలోనే నడిచింది. ఓవర్‌సైజు తర్వాత ఒక్కో సిలిండరు 267 సీసీ. కంప్రెషన్ 9:1 ఉండాలంటే పిస్టను పైకి వచ్చాక గాస్కెట్టు మందంతో కలిపి మిగలాల్సిన చోటు 33.4 సీసీ. అందులో ఒక్క సీసీ తగ్గినా 9.25 అవుతుంది. హెడ్డును ఇంకా అరగదీయించి కంప్రెషన్ పెంచితే బలం వస్తుందని తెలుసు. మరీ పెంచితే మామూలు పెట్రోలు మీద ఇంజిను నాక్ అవుతుందనీ తెలుసు. అందుకని హద్దు గీశాను. హెడ్డులో పెట్రోలు మండే మూడు గదుల మధ్య తేడా అర సీసీ దాటకూడదని కూడా రాశాను. గదుల అంచులు నేనే ఎమెరీతో నునుపు చేశాను కాబట్టి, కొలిచే పని నాది కాకూడదనుకున్నాను. హెడ్డును బోర్లించి, పైన రంధ్రం ఉన్న అక్రిలిక్ పలక గ్రీజుతో అతికించి, బ్యూరెట్‌తో రంగు కలిపిన కిరోసిన్ వదలడానికి ఇంటర్ చదువుతున్న మా అమ్మాయిని పిలిచాను. కాలేజీ ల్యాబులో దానికి అలవాటే.

"ఎంత రావాలి నాన్నా?"

"నీకు కనిపించింది చెప్పు తల్లీ."

బ్యూరెట్‌లో ద్రవం అంచు వంపు తిరిగి ఉంటుంది. కన్ను కాస్త పైన ఉంటే ఒక అంకె, కాస్త కింద ఉంటే మరో అంకె. కావలసిన అంకె తెలిసిన కన్ను అటే వంగుతుంది. మా అమ్మాయి కన్ను ఎటూ వంగలేదు. రెండో గది చిన్నదని తేలింది. మళ్ళీ రుద్దాను, మళ్ళీ తనే కొలిచింది.

బలం పెరిగిందా లేదా అన్నది ఇంకా కష్టమైన కొలత, ఎందుకంటే అక్కడ చెవి కూడా కలుస్తుంది. ఇదివరకు ఎయిర్ ఫిల్టరు మార్చినప్పుడు కారు లాగుతోందని ఒళ్ళంతా నమ్మింది. అదే రోడ్డు మీద, అదే గేరులో, 40 నుంచి 80కి స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే తేడా లేదు. పెరిగింది ఇంజిను పీల్చే గాలి చప్పుడు. కొత్త మానిఫోల్డుకూ ఇదే పరీక్ష పెడతాను. ఇంజిను కట్టాక ముందు పాత మానిఫోల్డుతోనే నడిపి అంకెలు నోటుబుక్కులో రాస్తాను, ఆ తర్వాత కొత్తదానితో. తేడా తేలకపోతే పోత ఇనుముదే తిరిగి ఎక్కుతుంది. దాన్ని గీసిన ఇంజినీర్లు చప్పుడు, వేడి, ఖర్చు, మన్నిక అన్నీ తూచి గీశారు. నా కోరిక ఒక్కదాన్నే తూచింది.

చట్టం గీసిన హద్దూ ఒకటుంది. బండి రోడ్డు మీద తిరిగేది. ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. వేరే బండి ఇంజిను తెచ్చి ఇందులో కూర్చోబెట్టే ఆలోచన నాకు లేదు. నాకు ప్రియమైనది ఈ ఇంజినే.

కనెక్టింగ్ రాడ్ బోల్టులు, బేరింగులు, పిస్టన్లు నేను చేయను, చేయించను. వాటి లోపలి పగులూ గట్టిదనమూ నా షెడ్డులో ఉన్న ఏ గేజికీ దొరకవు. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టును కూడా ఈసారి మార్చడం లేదు. లోబులు గ్రైండింగ్ చేయించి వాల్వు లిఫ్టు పెంచుకోమని తెలిసినవాళ్ళు చెబుతున్నారు, నాకూ మనసు లాగుతోంది. లిఫ్టునైతే డయల్ గేజితో చూడగలను. గ్రైండింగ్ తర్వాత లోబు మీద గట్టి పొర ఎంత మిగిలిందో చూడలేను. అందుకని పాతదే శుభ్రం చేసి, నూనె రాసి, హెడ్డులోకి ఎక్కించాను. వాల్వుల సందు సరిచేయడం మిగిలింది. ఆ హద్దు కూడా నోటుబుక్కులో రాసి ఉంది.