అతుకు దాచవచ్చునా?

చదువవలసిన భాగములు: యిర్మీయా 32:6–15, 2 కొరింథీయులకు 4:7



గడచిన తొలకరి వానల తరువాత మా కోడుమూరు సంఘములోని ఒక బాలుడు, చేనిలో దొరికినదని అరచేయంత పెంకు నొకదానిని తెచ్చి మా బల్లమీద పెట్టెను. వెలుపల ఎరుపు, లోపల నలుపు. "అయ్యగారూ, ఇది రంగు పూసిందా?" అని యడిగెను. రంగు కాదు. పూర్వకాలపు కుమ్మరి కుండను బోర్లించి కాల్చినప్పుడు లోపలికి గాలి అందక పొగపట్టి నల్లనయ్యెను. గాలి తగిలిన వెలుపలి భాగము ఎఱ్ఱనయ్యెను. రాకాసి గుళ్లని మన పల్లెవారు పిలుచు పాతకాలపు సమాధులలో ఇట్టి కుండలు విస్తారముగా దొరకును. ఏథెన్సు పట్టణపు కుమ్మరులు రెండువేల అయిదువందల ఏండ్ల క్రిందట చేసిన పేరుపొందిన పాత్రలయందలి నలుపును ఇట్టిదే. మెత్తగా తేర్చిన మట్టినీటితో బొమ్మలు వ్రాసి, ఆవమునకు మొదట గాలి విడిచి, పిమ్మట గాలి మూసి పొగపెట్టి, మరల గాలి విడుచుటచేత బొమ్మ నల్లగాను మిగిలినది ఎఱ్ఱగాను తేలెడిది. ఒకరినొకరు ఎరుగని కుమ్మరులు గాలిచేతను పొగచేతను ఒక విధమైన పనినే చేయించుకొనిరి.

మన ఇండ్లలో కుండ పగిలిన యెడల ఎవరును అతుకరు. సంతలో కొనునప్పుడే వ్రేలితో కొట్టి చూచి, ఓటిదైతే ప్రక్కన పెట్టుదుము. పగిలినదాని అడుగు కోళ్లకు నీళ్లు పోయుటకో, గింజలు వేయించు మంగలముగానో ఉపయోగపడును. పొయ్యిలోనుండి నిప్పు తీయుటకు పనికివచ్చు పెంకైనను మిగులనంతగా కుండ నలుగుటను గూర్చి యెషయా (30:14) చెప్పుచున్నాడు. ఆ మాట మన అవ్వలకు తెలిసినంతగా పట్టణవాసులకు తెలియదు. అట్లుండగా, ఎన్నడును నీళ్లు నిలుపని కుండను ఏండ్ల తరబడి కూర్చుండి అతుకుట నేర్చుకొనువారును లోకములో ఉన్నారు. వారి పనిని గూర్చి కొంత చదివి, ఒక ప్రశ్న మనస్సులో దిగబడినందున దానిని మీ యెదుట పెట్టుచున్నాము.

ఆ విద్య నేర్చువాడు మొట్టమొదట అతుకుట నేర్చుకొనడు. కడుగుట, వ్రాయుట నేర్చుకొనును. ప్రతి పెంకుమీదను అది దొరికిన ఊరు, గుంట, మట్టిపొర, సంఖ్య సన్నని అక్షరములతో వ్రాయవలెను. ఒకదానిలో నొకటిగా అర్ధవృత్తములు గీసిన అట్టపై అంచుముక్క నుంచి, ఏ గీతకు సరిపోవునో చూచి, కుండ మూతి ఎంత వెడల్పో తెలిసికొనవలెను. పిమ్మట బొమ్మ గీయవలెను: నడుమ నిలువుగీత, ఒక ప్రక్క కుండను కోసినట్లు దాని మందము, రెండవ ప్రక్క దాని పైరూపు. అతుకుట ఆ తరువాతి మాట. అప్పుడును ఇసుక పళ్లెములో ముక్కను నిలిపి, ఎప్పుడైనను అసిటోను అను ద్రావకముతో కరిగించి విడదీయదగిన జిగురునే వాడవలెను. ఇక విడదీయరాని అతుకు మంచి అతుకు కాదని వారి నియమము. తాను పొరబడి యుండవచ్చునని పనివాడు ముందుగానే ఒప్పుకొనుచున్నాడన్నమాట.

ఇక మా ప్రశ్న. ముక్క దొరకని చోట ఏమి చేయవలెను? సున్నపు పిండివంటి ప్లాస్టరుతో నింపుదురు. దానికి ఏ రంగు వేయవలెను? పూర్వము యూరపులోని పనివారనేకులు దానిమీద బొమ్మను గీసి, అతుకు కనబడకుండ రంగుపూసి, కొత్త పాత్రవలె అమ్మించిరి. నేడు నేర్పువారు అట్లు చేయనియ్యరు. నింపిన చోటు కుండకంటె కొద్దిగా వెలిసిన రంగులో ఉండవలెను. ఆరడుగుల దూరమున నిలిచిన వానికి కుండ నిండుగా కనబడవలెను. ఆరంగుళముల దగ్గరకు వచ్చిన వానికి ఏది మట్టి, ఏది ప్లాస్టరు అను భేదము తెలియవలెను.

ఇది కేవలము అందమునకు సంబంధించిన సంగతి కాదు. పిడి విరిగిపోయినందున ప్లాస్టరుతో పిడి చేసి, మట్టిరంగు పూసి, ఎవరికిని చెప్పకుండ ఊరకుంటిమనుకొనుడి. మన తరువాత వచ్చినవాడు అది నిజమైన పిడి యని నమ్మి, దానిని పట్టుకొని కుండను ఎత్తును. కుండ అతని చేతిలో పగులును. నిందయు అతని మీదనే పడును.

ఇటలీ దేశములో ఫ్లోరెన్సు నగరపు పురావస్తు ప్రదర్శనశాలలో ఫ్రాన్స్వా పాత్ర అను గ్రీకు పాత్ర ఉన్నది. క్రీస్తునకు పూర్వము సుమారు 570లో ఏథెన్సులో ఎర్గోటిమోసు అను కుమ్మరి దానిని చేసెను. క్లీటియాసు బొమ్మలు వ్రాసెను. ఇద్దరును తమ పేళ్లను దానిమీదనే వ్రాసికొనిరి. ఎత్తు 66 సెంటీమీటర్లు, అనగా మన మూరకంటె కొంత పెద్దది. 1844లో అలెస్సాండ్రో ఫ్రాన్స్వా అనునతడు క్యూసీ ఊరి దగ్గర, దొంగలు ఎన్నడో దోచిన సమాధిలో దాని ముక్కలను కనుగొనెను. అన్నియు దొరకనందున మరుసటి యేడు మరల వెదకి మరికొన్ని తెచ్చెను. అతికిరి. 1900 సెప్టెంబరులో ఆ ప్రదర్శనశాల కావలివాడొకడు కోపోద్రేకములో కొయ్యపీట యెత్తి దాని అద్దాల పెట్టెమీద విసరెను. పాత్ర 638 ముక్కలాయెను.

ఆ కావలివాని దినములు పిమ్మట ఎట్లు గడచెనో యని మేము పలుమారు తలంచితిమి. అది యట్లుండనిండు. పియెట్రో జేయి అను పనివాడు కూర్చుండి, 1902 నాటికి పాత్రను మరల నిలువబెట్టెను. అయితే ఆ గలిబిలిలో ఎవరో ఒక ముక్కను ఎత్తుకొనిపోయిరి. 1904లో అది తిరిగివచ్చెను గాని, అప్పటికే పాత్ర అతుకబడి యుండెను. ముక్క వేరుగాను, పాత్ర వేరుగాను ఉండగా దాదాపు డెబ్బది యేండ్లు గడచెను. 1973లో పాత్రను మరల బాగుచేసినప్పుడే ఆ ముక్క తన చోటికి చేరెను. విడదీయ వీలులేని అతుకైనచో ఆలస్యముగా వచ్చిన ఆ ముక్కకు చోటెక్కడిది?

ఇక్కడ మీలో కొందరు మమ్మును ఆపి, "ప్రేమ అనేక పాపములను కప్పునని పేతురు వ్రాయలేదా? పగులును చూపుటయే నీతియా?" అని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దీనికి మేము చాల దినములు జవాబు దొరకక తిరిగితిమి. మాకు తోచిన దేమనగా, కప్పుట వేరు, రంగుపూయుట వేరు. గాయమునకు గుడ్డ కట్టినవాడు గాయము లేదని చెప్పడు. గుడ్డయే దానిని చెప్పుచున్నది. ఆరడుగుల దూరమున పగులును ఎత్తిచూపకుండుట దయ. ఆరంగుళముల దగ్గరకు వచ్చి యడిగినవానికి అబద్ధమాడుట దయ కాదు. అయినను ఈ రెంటికి నడుమ గీత ఎల్లప్పుడును స్పష్టముగా ఉండదని మేము ఒప్పుకొనుచున్నాము.

వ్రాతపనిని గూర్చియు కొంత చెప్పవలెను. యిర్మీయా పొలము కొని, ఆ క్రయపత్రములు బహుదినములు నిలుచునట్లు మంటికుండలో పెట్టించెను. కుండ పత్రమును కాపాడెను. పాత కుండల విషయములో పత్రము కుండను కాపాడును. రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు (తమిళ బైబిలు అనువాదములో పనిచేసిన పెర్సివలు దొర ఇతనికి మామగారు) మన జిల్లాలలో తిరిగి రాతిపనిముట్లను, పెంకులను కూర్చెను. బనగానపల్లె దగ్గర పాతపాడులో దొరికిన చిత్రపు కుండలు వానిలో నున్నవి. ఆ ప్రాంతము నేడు నంద్యాల జిల్లాలో చేరినది. 1904లో మద్రాసు ప్రదర్శనశాల వాటిని కొనెను. 1912లో అతడు మరణించిన తరువాత వాటి పట్టిక అచ్చయ్యెను. ఏది ఏ జిల్లాలో, ఏ ఊరిలో దొరికెనో అందులో ఉన్నందుననే పాతపాడు పేరు నేటికిని పండితుల నోట నిలిచియున్నది.

1945లో వీలరు దొర పుదుచ్చేరి దగ్గర అరికమేడులో త్రవ్వించుచు, ప్రతి పెంకునకును పొర గుర్తుండవలెనని విద్యార్థులకు నేర్పెను. అక్కడి జాడీ ముక్కలలో కొన్ని గ్రీకుల కోసు ద్వీపమునుండి ద్రాక్షారసముతో వచ్చిన జాడీలవని తరువాతి వారు తెలిసికొనిరి. పౌలు ఓడ ఆ కోసు మీదుగానే పోయెనని అపొస్తలుల కార్యములు 21లో చదువుచున్నాము గదా. అక్కడనే చక్రముతో చుక్కల గీతలు వేసిన సన్నని పళ్లెములును దొరికెను. మన అమరావతిలోను ఇట్టివి దొరికినవి. అవి పడమటి దేశపువని వీలరు తలంచెను. చాల ఏండ్లకు మట్టిని పరీక్షించి చూడగా అవి మన దేశపు మట్టితో చేసినవని తేలెను. గొప్ప పండితుడు పొరబడెను గాని, పెంకులను గుర్తులతో దాచియుంచినందున ఆ పొరబాటు దిద్దుటకు వీలాయెను.

దీనికి ఎదురుగా మరియొక సంగతి. 1972లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల యూఫ్రోనియోసు వ్రాసిన గ్రీకు పాత్రను పది లక్షల డాలర్లిచ్చి కొనెను. అతుకు ఎంతో చక్కనిది. అయితే అది దొంగతనముగా త్రవ్వి తీసినదని బయటపడి, 2008లో ఇటలీకి తిరిగి పోయెను. పాత్ర తన దేశమునకు చేరెను గాని, ఏ సమాధిలో ఎవరి ప్రక్కన ఏయే వస్తువులతో ఉండెనో ఆ సంగతిని ఎవరును తిరిగి తేలేరు.

ఇదంతయు వ్రాయుటకు మాకు అర్హత యున్నదా అని అడిగికొనవలసి వచ్చినది. కొన్ని యేండ్ల క్రిందట మేము సేవచేసిన వేరొక పల్లెలో సంఘపు ఏబదియేండ్ల చరిత్రను చిన్న పుస్తకముగా వ్రాసితిమి. ఆ సంఘములో ఒకప్పుడు రెండు గేరీలవారు ఒక చాపమీద కూర్చుండలేదు. ప్రభువు బల్లయొద్ద ఒకే గిన్నెను తాగలేదు. ఆ యేండ్లను మేము ఒక్క వాక్యములో దాటించి, సంఘము ఐక్యతతో వర్ధిల్లెనని వ్రాసితిమి. చదివినవారందరు మెచ్చుకొనిరి. ఒక అవ్వ మాత్రము, చదువురానిది, మనుమరాలిచేత చదివించుకొని మాయొద్దకు వచ్చెను.

"అయ్యగారూ, మేము వాకిట్లో కూచోని ఆరాధన ఇన్న్యాము గదా. ఆ యేండ్లు యా పేజీలో రాసినారు?"

కోపముతో అడుగలేదు. పేజీ ఏదో చూపినయెడల మనుమరాలిచేత చదివించుకొనుటకే అడిగెను. మాకు చూపుటకు పేజీ లేకపోయెను. సమాధానము చెడకూడదని వ్రాయలేదంటిమి. ఆమె తల ఊపి వెళ్లిపోయెను. నాడు అది ప్రేమతో కప్పుట యనుకొంటిమి. నేడు చూడగా అది రంగుపూయుటయే. ఆ పుస్తకమును నమ్మి మా తరువాత వచ్చిన పాస్టరు ఇరు గేరీలవారిని ఒక తగవులో ఒక్కచోట కూర్చుండబెట్టబోయి, ఎందుకు కూర్చుండరో తెలియక చాల కష్టపడెనని పిమ్మట వింటిమి.

ఆ అవ్వ ఇంకను సజీవురాలే. మొన్న క్షామకాలపు ప్రార్థనలకు ఆ ఊరు వెళ్లినప్పుడు, ఆమె గుడిసె ముందర కూర్చుండి, వాకిట కూర్చుండినవారి పేళ్లు అడిగి వ్రాసికొంటిమి. పదునొకండు పేళ్లు చెప్పెను. మరి ఇద్దరుండిరనియు, ఒకామె చంకలో బిడ్డ యుండెననియు చెప్పెను గాని, వారి పేళ్లు ఆమెకు జ్ఞాపకము రాలేదు. క్రొత్త పేజీలో ఆ రెండు చోట్లను ఖాళీగా విడిచితిమి.

బాలుడు తెచ్చిన పెంకు మా బీరువాలో ఉన్నది. చేను ఎవరిదో, ఏ తేదీన దొరికెనో చీటిమీద అతనిచేతనే వ్రాయించి, చేనిలో మరి త్రవ్వవద్దని చెప్పి పంపితిమి.