కందికి వదిలిన సాలు

చిరంజీవి అమ్ములుకు తాత ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ తరగతిలో తండా నుంచి వచ్చిన పిల్లవాడు పాఠం అందుకోలేకపోతున్నాడని, వాణ్ణి కింది తరగతికి పంపమని పెద్దసారును అడుగుతానని రాశావు. తొందరపడకు తల్లీ.

మన జహీరాబాదు చేలల్లో జొన్న, కంది కలిపి విత్తుతాం. రెండు నెలలకు జొన్న నడుమెత్తు దాటుతుంది, కంది దాని నీడలో మోకాలెత్తు కూడా ఉండదు. అట్లాగని ఏ రైతూ పీకెయ్యడు. జొన్న వేళ్ళు ఎక్కువగా పైమట్టిలో పాకితే, కంది తన తల్లివేరును లోతుకు దించుకుంటూ ఉంటుంది. వేళ్ళ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి దానికి అందిస్తాయి, రాలిన ఆకు నేలకు బలమవుతుంది. జొన్న కోసి, వానలు వెనకబట్టాక కంది కొమ్మలేసి పూతకొస్తుంది. అందుకే కొన్ని సాళ్ళ జొన్నకు ఒక సాలు కందికని ముందే వదులుతాం. అది దయ కాదమ్మా, దాని వంతు.

ఈ మాట నాకూ ఆలస్యంగానే తెలిసింది. ఒక ఏడు ధర చూసి చేనంతా పత్తే పెట్టాను. వాన మొహం చాటేసింది, పత్తి పోయింది, ఇంట్లో కంది విత్తనమూ లేదు. మరుసటి ఏడు ఊరంతా తిరిగితే దళితవాడలో ఒక ముసలమ్మ దగ్గర దొరికింది. బూడిద, వేపాకు కలిపి బుట్టలో దాచిన గింజలు. మేము మా గడప తొక్కనివ్వని మనిషి ఆమె. "పంటొచ్చినంక రెండింతలు ఇయ్యి పటేలా" అని కొలిచి పోసింది. ఆమె ముఖం చూడలేక తల దించుకున్నాను. అట్లాంటి ఆడవాళ్ళే సంఘాలు కట్టి పస్తాపూర్ చుట్టుపక్కల పాత విత్తనాలను బతికించారు. వాళ్ళ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. మేము వెలివాడలో ఉంచిన వాళ్ళే మా విత్తనం కాపాడారు.

పిల్లలు పంటలు కారు, నిజమే. నీడలో ఉంచావని కంది బాధపడదు. ఆ పిల్లవాడు పడతాడు. ఇంట్లో వాళ్ళమ్మతో తండా భాష గోర్ బోలీలో మాట్లాడి, బడిలో నీతో తెలుగులో మాట్లాడడానికి కష్టపడుతున్నాడు. ఒక్క భాషే తెలిసిన పిల్లల పక్కన నిలబెట్టి వాణ్ణి కొలిస్తే న్యాయమా?

సోమవారం వాణ్ణి నీ దగ్గరగా కూర్చోబెట్టుకో. కందిని వాళ్ళ భాషలో ఏమంటారో అడిగి బోర్డు మీద రాయి, తరగతంతా పలకనీ. ఆ మాట నాకూ రాసి పంపు.

మీ తాత