మూగజీవి వీపుకూ హక్కుంది

ఒకప్పుడు విజయనగరం, శ్రీకాకుళం వీధుల్లో జట్కాలు తిరిగేవి. బండి బరువు కొంత గుర్రం జీను మీద పడేది. జీనులో కూరిన గడ్డి ఒకవైపు అణిగిపోతే, ఆ బరువు ఒకేచోట ఒత్తి పుండవుతుంది. పైన మడతగుడ్డ వేస్తే ఎత్తుపల్లాలు మన కంటికి కనబడవు. గుర్రానికి నొప్పి మాత్రం తగ్గదు. కుట్టు విప్పి, కూర్పు రెండువైపులా సమంగా సర్ది, వెన్నెముకకు ఒత్తుకోకుండా చూడాలి. పుండు మానేదాకా జీను వేయకూడదు.

'మాకు తెలియదు' అంటే బాధ్యత తీరుతుందా? చేత్తో తడిమితే తెలిసిపోయేదాన్ని తడిమి చూడకపోవడం కూడా జుల్మే అని మేము భావిస్తున్నాము. మజిలీలో దిగాక, వాహనాల జీనులు విప్పేదాకా తాము నఫిల్ నమాజు చేసేవారం కాదని హజ్రత్ అనస్ (రజి.) తెలిపారు (అబూదావూద్). సహాబాలు తమ నఫిల్ ఆరాధన కన్నా మూగజీవి ఉపశమనాన్నే ముందుంచారన్నమాట!

నేడు జట్కాలు అరుదే. కాని మన కింద పనిచేసేవారిపై మనం మోపిన బరువునూ ఇలాగే తడిమి చూడాలి. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.