పనిముట్టు ఎవ్వరిది?

మగ్గము నేతగానిది, నూలు షావుకారుది, నేసిన చీర మరల షావుకారుదే. మన నేతపనివారి కష్టచరిత్రము చాలవఱకు ఈ మూడు మాటలలో ఇమిడియున్నది. పనిముట్టు తన యింటనే యున్నను నేతగాడు స్వతంత్రుడు కాలేకపోయెను. ఏలయన, పనిముట్టు కలిగియుండుట వేఱు, పనిపై అధికారము కలిగియుండుట వేఱు. ఈ భేదమును విచారించుటకు నేడు మఱియొక వృత్తి చక్కని దృష్టాంతముగా నున్నది. అది కంప్యూటరుపై వెబ్‌సైట్లు నిర్మించువారి వృత్తి. మన యిండ్లనుండి ఎందఱో యువతీయువకులు హైదరాబాదునకును, బెంగుళూరునకును, సముద్రములకావలికిని పోయి ఇట్టి పనులే చేయుచున్నారు గావున, ఇందలి ధర్మవిచారము మన గృహములకు దూరమైనది కాదు.

పనివారే పనికి యజమానులై యుండవలెనను తలపు క్రొత్తది కాదు. 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేలు పట్టణమున నేతపనివారు మొదలగువారు చేరి సహకార దుకాణమును తెఱచిరి. అది సరకు కొనువారి సంఘము. పనిచేయువారి సంఘములలో ప్రసిద్ధమైనది స్పెయిను దేశమందలి బాస్కు సీమలో 1956లో ఆరంభమైన మోండ్రగాన్. మన దేశముననే కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయగా, ఉద్యోగములు పోయిన పనివారు 1957 మొదలుకొని సహకార సంఘములుగా నేర్పడి ఇండియన్ కాఫీ హౌసులను తామే నడిపించిరి. వీటన్నిటి సూత్ర మొక్కటే: ఒక్కొక్క సభ్యునకు ఒక్కొక్క ఓటు. ఇచట రూపాయలను గాక మనుష్యులను లెక్కింతురు.

ఈ సూత్రమునే వెబ్ నిర్మాణమునకు అన్వయించినవారు కలరు. అమెరికాలోని అగారిక్ అట్టి సంఘము. అందు పనిచేయువారే యజమానులు. డ్రూపల్ మొదలగు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో వారు ఇతర సంస్థలకు వెబ్‌సైట్లు నిర్మించి యిత్తురు. అర్జెంటీనాలో జీకూప్ అను సంఘమును ఇట్టిదే. బ్రిటనులో ఇటువంటి సంఘములు కొన్ని 2016లో కోటెక్ అను కూటమిగా నేర్పడినవి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనగా ఉచిత సాఫ్ట్‌వేరు అని పలువురు భ్రమపడుదురు. ఇది వెలను గూర్చిన మాట కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికా దేశీయుడు గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. ఆ యుద్యమము కోరిన స్వేచ్ఛలు నాలుగు: సాఫ్ట్‌వేరును ఏ పనికైనను వాడుకొనుట, దాని సోర్సు కోడును చదివి మార్చుకొనుట, ప్రతులను పంచుట, మార్చిన ప్రతులను సైతము పంచుట. 1989లో వెలువడిన గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు దీనికొక కట్టుబాటును జోడించెను. పుచ్చుకొన్నవాడు దానిని పరులకు పంచినచో, తాను పొందిన స్వేచ్ఛలనే వారికిని ఈయవలెను. 2001లో వెలువడిన డ్రూపలునకును, మన తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీకిని ఈ లైసెన్సే కలదు.

ఇచట నొక శంక పుట్టును. సహకార సంఘము ‘ఇది మాది’ అనును. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ‘ఇది మాది మాత్రమే కాదు’ అనును. ఒకటి యాజమాన్యమును, ఒకటి త్యాగమును బోధించుచుండగా, ఈ రెండును ఒక్క యింట కాపురము చేయుట యెట్లు? మాకు తోచినంతలో విరోధము మాటలలోనే కాని వస్తువునందు లేదు. యాజమాన్యమనునది రెండధికారముల కూడిక. నా పని నెట్లు చేయవలెనో నేను నిర్ణయించుకొనుట యొకటి; ఇతరులను దరి చేరనీయకుండుట రెండవది. ఈ సంఘములవారు మొదటిదానిని గట్టిగా పట్టుకొని రెండవదానిని వదలివేసినారు. వడ్రంగి తన పనికి తాను వెల కట్టును. అంతమాత్రమున ఊరిలో మఱెవ్వరును ఉలి పట్టరాదని శాసింపడు.

ఈ వదలివేత వలన ముఖ్యముగా మేలు పొందువారు పని చేయించుకొనువారు. ఒక పాఠశాలయో, గ్రంథాలయమో, మహిళా సంఘమో వెబ్‌సైటు కట్టించుకొన్నదనుకొందము. సోర్సు కోడు నిర్మించినవాని చేతిలో బందీయై యున్నచో, అతడు అడిగినంత ఇచ్చుకొనవలసినదే. అతడు మూతవేసికొని పోయినచో వీరి గతి అధోగతియే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో కట్టినదైనచో దానిని గైకొని మఱియొక పనివానికడకు పోవచ్చును. అనగా ఈ సంఘమువారు తమ ఖాతాదారులకు తమను విడిచిపోవు దారిని తామే తెఱచి చూపుచున్నారు. సంకెలతో గాక పనితనముతో నిలుపుకొనుట వ్యాపారమున అరుదైన ధర్మము.

ఇక బలమైన ఆక్షేపణ యొకటి కలదు. అందఱికి తెఱచిన ద్వారమున ధనికుడును ప్రవేశించును. పదిమంది శ్రమించి వ్రాసి పంచిన సాఫ్ట్‌వేరును మహాసంస్థలు వాడుకొని కోట్లు గడించుచుండగా, ఇది లోకోపకారమా, కలిగినవానికి కట్నమా? ఈ బాధ నిజమైనదే. ఐరోపాలో సైకిళ్లపై సరకులు చేరవేయువారికై ఏర్పడిన కోప్‌సైకిల్ తన సాఫ్ట్‌వేరును వ్యాపారమునకు వాడుకొను హక్కును సహకార సంఘములకే పరిమితము చేసినది. నాలుగు స్వేచ్ఛలలో మొదటిదానికి ఇది విరుద్ధము. అయినను దాని వెనుకనున్న దుఃఖమును మేము తేలికచేయజాలము.

కాని ఊరి బావికి కంచె వేసి నీటికి అర్హులెవ్వరో అనర్హులెవ్వరో యెంచుటచే కలిగిన అనర్థము మన దేశమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. నేడు ధనికుని దూరముంచుటకై వేసిన కంచె ఱేపు ఎవ్వరిని దూరముంచునో వేసినవారు సైతము చెప్పలేరు. బావిని అందఱికి తెఱచి, తోడుకొనువాడు కట్టుబాటునకు లోబడవలెననుటయే మేలు. కట్టుబాటు చాలనిచో దానిని బిగించవచ్చును. 2007లో వెలువడిన అఫెరో లైసెన్సు మూడవ కూర్పు ప్రకారము, సాఫ్ట్‌వేరును మార్చి తన సర్వరుపైననే నడుపుచు నెట్‌వర్కు ద్వారా ఇతరులకు సేవ చేయువాడును ఆ మార్పుల సోర్సు కోడును వారికి అందీయవలెను. ఇది ద్వారమును మూయుట కాదు, ఋణమును గుర్తుచేయుట.

సహకారమును పొగడి ఊరకుండుటయు సత్యము కాదు. మూలధనము దొఱకుట కష్టము, నిర్ణయములు నెమ్మది, పని తగ్గిన నెలలో నష్టము అందఱి వంటయింటికిని చేరును. మోండ్రగాన్ కుటుంబములోని ఫాగోర్ గృహోపకరణముల సంస్థ 2013లో దివాలా తీసినది. అంతకంటె లోతైన అపాయము మఱియొకటి కలదు. సభ్యులు కొలదిమందియై, వారి క్రింద ఓటులేని కూలివారు పెరిగినచో, నిన్నటి పనివాడే నేటి షావుకారగును. మోండ్రగాన్ విదేశశాఖలలోని పనివారు సామాన్యముగా సభ్యులు కారన్న విమర్శ ఇట్టిదే. కావున సంఘము పేరు చూచి మురిసిపోక, అందు ఓటు లేనివారెందఱని అడుగవలెను.

అయినను ఈ ప్రయత్నముల వలన మనము నేర్వదగిన దొకటి కలదు. సాఫ్ట్‌వేరు స్వేచ్ఛగా నున్నంతమాత్రమున దానిని వ్రాయువాడు స్వేచ్ఛ పొందడు. మగ్గమున్న నేతగాని కథ యిదియే. పనివాడు యజమానియైనంతమాత్రమున అతని పని లోకమునకు తెఱచుకొనదు. రెండును కలిసినచోటనే శ్రమకు గౌరవమును, విద్యకు వ్యాప్తియు కలుగును. మన బిడ్డలు ఉద్యోగములకు పోవునప్పుడు ‘జీత మెంత?’ అని తప్పక అడుగుదుము. అడుగుట తప్పు కాదు. దానితోపాటు ‘అచట నీ మాటకు లెక్క కలదా? నీవు చేసిన పని రేపు ఎవరి చేతిలో నుండును?’ అనియు అడుగ నేర్చిననాడు, ఈ విచారము పుస్తకములు దాటి మన యిండ్లలోనికి వచ్చినదని చెప్పవచ్చును.