స్నానాలగదిలో నిలువుటద్దం

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు టైల్స్ పని అయ్యాక ఓ చర్చ వస్తుంది. స్నానాలగదిలో గడ్డం గీసుకోవడానికి జానెడు అద్దం చాలదా, ఒళ్లంతా కనిపించే అద్దం ఎందుకు, దేహం మీద మోజు పెరగదా అని పెద్దవాళ్లు అడుగుతారు. దాన్ని చాదస్తమని కొట్టిపారేయకూడదు. ఒంటిని చూసుకోవడం ఆత్మవిచారానికి అడ్డమా అన్నదే అందులోని అసలు ప్రశ్న. అడ్డం కాదంటాను. పైగా, నగా నట్రా లేని వేళ మనిషిని నిండుగా చూపించే అద్దం ఆ విచారానికి మంచి తోడు అంటాను.

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో ఆత్మను తెలుసుకోవాలని ఇంద్రుడు, విరోచనుడు ప్రజాపతి దగ్గర 32 ఏళ్లు బ్రహ్మచర్యం చేశారు. నీళ్ల పాత్రలో చూసుకోమన్నాడాయన. వెంట్రుకల నుంచి గోళ్ల దాకా కనిపిస్తున్నామన్నారు. బాగా ముస్తాబై మళ్లీ చూడమన్నాడు. చూసి, తృప్తిగా ఇద్దరూ వెళ్లిపోయారు. విరోచనుడు ఈ దేహమే ఆత్మ అని అసురులకు బోధించాడు. ఇంద్రుడికి దారిలోనే అనుమానం పుట్టింది. ఒంటికి నగలు పెడితే నీడకూ నగలే, కళ్లు పోతే నీడకూ కళ్లు పోతాయి, ఇలాంటిది భయంలేని ఆత్మ ఎలా అవుతుంది? వెనక్కి వచ్చాడు. మొత్తం 101 ఏళ్లు పట్టింది. ప్రజాపతి ప్రతిబింబాన్ని నిషేధించలేదు, దానితోనే పాఠం మొదలుపెట్టాడు. పూర్తిగా చూశాడు కాబట్టే ఇంద్రుడు అనుమానించగలిగాడు. చిన్న అద్దం మనల్ని ముక్కలుగా చూపిస్తుంది: ఒక నెరిసిన వెంట్రుక, ఒక మొటిమ, ఏదో ఒక మరమ్మతు. నిండు అద్దంలో వయసు మీదపడుతున్న ఒళ్లు ఒక్క వస్తువుగా ఎదుట నిలబడుతుంది. ఎదుట నిలబడ్డదాన్ని చూస్తున్నది ఎవరు అన్న ప్రశ్న అప్పుడే వస్తుంది. ఇందుకు పెద్ద ఖర్చూ లేదు. మనిషి ఎత్తులో సగం అద్దం చాలు. ఐదున్నర అడుగుల మనిషికి 33 అంగుళాలది సరైన ఎత్తులో బిగిస్తే తల నుంచి పాదాల దాకా కనిపిస్తుంది.

అద్దం మంగళద్రవ్యం, మైలచోట పెట్టకూడదన్నది ఇంకో ఆక్షేపణ. కానీ పూరీ జగన్నాథుడి ఆలయంలో పొద్దున్నే అబకాశ అనే సేవ ఉంది. విగ్రహాలు కొయ్యవి, నీళ్లు తగిలితే చెడిపోతాయి. అందుకని ఇత్తడి అద్దాల్లో కనిపించే ప్రతిబింబాలకే పళ్లు తోమి స్నానం చేయిస్తారు. సాక్షాత్తు దేవుడి స్నానమే అద్దంలో జరుగుతుంటే, స్నానం చేసేచోట అద్దం అపచారమని ఎలా అనగలం? నీళ్లు అద్దం మీద జారిపోతాయి, స్వామి తడవడు. మైల విషయమూ అంతే. ప్రతిబింబానికి ఏదీ అంటదు.

నన్ను నిజంగా ఆలోచింపజేసే ఆక్షేపణ వేరే ఉంది. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు చిన్నప్పుడు, పళ్లు ఏర్పడే వయసులో తాగితే గార పట్టిన పళ్లే మిగులుతాయి. నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునే ఆడపిల్లకు నిలువుటద్దం వేదాంతం చెబుతుందా? గాయం చేస్తుంది. ఇది కాదనలేను. కానీ ఆ సిగ్గును నేర్పింది అద్దం కాదు, పెళ్లిచూపుల్లో, బడిలో పక్కవాళ్లు చూసిన చూపు. అదే బోరునీళ్లు తుంపరలుగా పడి ఆరితే అద్దం మీదా సున్నపు చుక్కలు తేలతాయి. నిమ్మచెక్కతో రుద్దితే వదులుతాయి. ఆ చుక్క తన బుగ్గ మీద ఉన్నట్టు కనిపించినా దాన్ని తన మచ్చ అనుకుని ఎవరూ ఏడవరు. పంటి మీది గారను మాత్రం 'నేను' అనుకుంటాం. శంకరులు బ్రహ్మసూత్రభాష్యం మొదట్లోనే అధ్యాస అన్నది ఇలాంటి పొరపాటునే. ఆ తేడా పట్టుబడటానికి ఏళ్లు పట్టవచ్చు. అందాకా అద్దానికి ఒక తెర కట్టి, తీయాలో వద్దో ఆ పిల్లకే వదిలేయాలి. సగం దారిలో ఉన్న ఇంద్రుణ్ణి ప్రజాపతి కూడా వెనక్కి పిలవలేదు.