నిలిచిపోయిన గడియారము

ధ్యానభాగము: యోహాను 20:24–29



జమ్మలమడుగు ప్రాంతములో మేమెరిగిన ఒక పెద్దాయన ముప్పది యేండ్లు మందిరపు గంట కొట్టెను. వారమంతయు బండల గనిలో పని, ఆదివారము తెల్లవారగనే చేతిలో గంటత్రాడు. వేళ చూచుటకు ఆయనకున్నది హెచ్.ఎం.టి. జనతా గడియారమొక్కటే. జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహాయముతో బెంగుళూరిలో 1961లో ఆ గడియారముల తయారీ మొదలైనది. మన పల్లెలలో అవి ఎందరికి పెండ్లి కానుకలైనవో మీరెరుగుదురు.

ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత దానికి కీ ఇచ్చినవారు లేరు. అట్టి గడియారము నిండుగా కీ ఇచ్చినను ఇంచుమించు ఒకటిన్నర దినము మాత్రమే నడుచును. భూస్థాపన ముగిసి బంధువులు వెళ్లిపోవుచుండగా, నాలుగు గంటల పది నిమిషములయొద్ద ముళ్లు నిలిచెను.

సంవత్సరపు జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడగా కుమారుడు దానిని ప్రొద్దుటూరు తీసికొనిపోయెను. లోపల నూనె ఎండిపోయినదనియు, ఓవరాయిలింగు చేసినయెడల నడుచుననియు, డయలు మార్చి కేసుకు పాలిషు పెట్టించినయెడల క్రొత్తదానివలె ఉండుననియు బాగుచేయువాడు చెప్పెను. ఈ మాట పులివెందులలో కాపురమున్న కుమార్తె ఫోనులో విని, మరునాడే ముద్దనూరు మీదుగా బస్సులో వచ్చెను. అక్కాతమ్ముళ్లిద్దరు ఒకరి ముఖమొకరు చూడక మా యింటి వసారాలో కూర్చుండిరి.

“నాయన దీన్ని డబ్బాలో దాచిపెట్టేదానికి కొన్లేదు అయ్యగారూ” అని తమ్ముడు.

“నాయన ఆఖరుసారి ఇచ్చిన కీ ఇది. ముళ్లు కదిలిస్తే అదీ పోతాది” అని అక్క.

మేము వెంటనే తీర్పు చెప్పలేకపోతిమి. అందుకు మా స్వంత కారణమొకటి గలదు. మా తండ్రిగారి బైబిలు అట్ట ఊడిపోగా మేము దానిని క్రొత్తగా బైండు చేయించితిమి. బైండు చేసినవారు అంచులు సమముగా ఉండవలెనని కాగితములు కత్తిరించిరి. అంచులలో ఆయన పెన్సిలుతో వ్రాసికొనిన మాటలు సగము సగము తెగిపోయెను. పుస్తకము ఇప్పుడు చూడ చక్కగానున్నది. దానిని తెరచినప్పుడెల్ల మాకు కలుగు బాధ ఇంతింత కాదు.

ప్రియులారా, దాచుట తప్పు కాదు. రాబోవు తరములవారు చూచునట్లు మన్నాను ఒక పాత్రలో ఉంచుమని దేవుడే సెలవిచ్చెను (నిర్గమ. 16:32–34). అయితే మోషే చేయించిన ఇత్తడి సర్పమును దాచుకొనిన జనులు చివరకు దానికే ధూపము వేసిరి. హిజ్కియా దానిని పగులగొట్టవలసివచ్చెను (2 రాజులు 18:4). ఈ రెండింటి నడుమ ఆ సహోదరి ఎక్కడ నిలిచియున్నదో చెప్పుట మా వలన కాదు. దుఃఖములో ఉన్నవారిని విగ్రహారాధికులనుట సులభము, అది క్రూరమైన పని.

ఆ రాత్రి మాకు జ్ఞాపకము వచ్చినది సమాధియొద్దకు సుగంధద్రవ్యములు తెచ్చిన స్త్రీలు. వారు తెచ్చినది ప్రభువు దేహమునకు పూయుటకే. ప్రేమించినవారి దేహమును ఉన్నదున్నట్లు కాపాడవలెనని ఎవరికుండదు? ఎవరును వారిని గద్దింపలేదు. కాని ప్రభువు అక్కడ లేడు, లేచియుండెను. లేచినవాడు గాయములు లేనివాడుగా లేవలేదే! మరణమును జయించినవానికి చేతుల గురుతులు మాన్పుకొనుట కష్టమా? అయినను వాటిని ఉంచుకొనెను. తోమా ఆయనను గురుతుపట్టినది వాటివలననే.

మరునాడు వారిద్దరిని పిలిచి ఇట్లు చెప్పితిమి. లోపలి యంత్రమును విప్పించి కడిగించి నూనె వేయించవలెను. ఎండిన నూనెతో నడిపించినయెడల ఇరుసులు అరిగిపోవును. అరిగిన భాగమును మార్చవచ్చును. హెచ్.ఎం.టి. గడియారముల కంపెనీని మూసివేయుటకు 2016లో ప్రభుత్వము నిర్ణయించినది. ఇప్పుడు విడిభాగములు తరచుగా పనికిరాని పాత గడియారములనుండియే తీయుదురు, గనుక ఆలస్యమైనను ఓర్చుకొనవలెను. డయలు మాత్రము ముట్టరాదు. పాత గడియారములకు క్రొత్త రంగులు వేసి అమ్ముట నేడు ఎక్కువైనది. అట్లు చేసినయెడల అది ఎవరి గడియారమైనను కావచ్చును. చెమట దిగి పసుపుబారిన ఆ ముఖము, బండ తగిలి కేసు మీద పడిన ఆ గీత, అవి ఆయనవి.

“మరి నాలుగుంబావు?” అని ఆమె మెల్లగా అడిగెను.

నాలుగుంబావు కాదు, నాలుగు గంటల పది నిమిషములు. ఆమె కూడ దానిని సరిగా చూడలేకపోయినదని మాకప్పుడు తెలిసెను. ఆ వేళను వారి కుటుంబపు బైబిలులో తండ్రి పేరు ప్రక్కన వ్రాయుమంటిమి. తమ్ముడు వ్రాసెను. ఆమె కొంతసేపు దానివైపు చూచి, గడియారమును తానే తమ్ముని చేతిలో పెట్టి, ఏమియు అనక బస్సుకు వెళ్లిపోయెను. ఆమె సమ్మతించెనో, విసిగిపోయెనో మేమెరుగము.

గడియారము ఇరువది దినములకు తిరిగివచ్చెను. దినమునకు నాలుగైదు నిమిషములు వెనుకబడుచున్నది. తమ్ముడు ప్రతి ఉదయము సెల్‌ఫోను చూచి సరిచేయుచు, ఆదివారము దానినే చూచి గంట కొట్టుచున్నాడు. అక్క ఇంకను దాని చప్పుడు వినలేదు. వచ్చు శుక్రవారము మేమును అతడును దానిని తీసికొని పులివెందులకు పోవుచున్నాము. ఆ ఇంటికొరకు మీరు ప్రార్థించుడి.